మొక్కలు నాటితే పూచీ తీరదు

గనులు తవ్వి, లోహాలు కరిగించి, చమురు ఒలకబోసి పొడి నేలలను విషతుల్యం చేసిన సంస్థలు ఇప్పుడు కొత్త పాట అందుకున్నాయి. విషాన్ని పీల్చే మొక్కలు నాటాం, దాన్ని విడగొట్టే శిలీంధ్రాలు కలిపాం, మిగతాది ప్రకృతే చూసుకుంటుంది కనుక తమ పూచీ తీరినట్టేనని అవి చెబుతున్నాయి. వాటిని అదుపు చేయవలసిన యంత్రాంగాలేమో నాటిన మొక్కల లెక్క చూసి తలూపుతున్నాయి. ఇది ఒక్కచోట చెల్లితే ప్రతిచోటా చెల్లుతుంది. మా ఆందోళనంతా అక్కడే.

మట్టిని తవ్వి తరలించడం కంటే ఈ పద్ధతి ఎంతో చవకైనదని, నేల సారాన్ని చెడగొట్టదని దీన్ని సమర్థించేవారు అంటారు. అందులో నిజముంది. ఆర్సెనిక్‌ను ఆకుల్లోకి విపరీతంగా పీల్చుకునే ఫెర్న్ మొక్క గురించి 2001లోనే శాస్త్రలోకానికి తెలిసింది. అయితే ఆ మొక్కను గుర్తించింది అమెరికాలో వానలకు కొదవలేని ఫ్లోరిడాలో. తడి నేలల్లో రుజువైన దాన్ని భూతలంలో దాదాపు 40 శాతంగా ఉన్న పొడి ప్రాంతాలకు యథాతథంగా అంటగట్టడం శాస్త్రం అనిపించుకోదు.

పొడి నేలల తీరే వేరు. వాటిలో చాలావరకు సున్నం శాతం ఎక్కువ, సేంద్రియ పదార్థం అతి తక్కువ. అటువంటి క్షార నేలలో సీసం, కాడ్మియం వంటి లోహాలు మట్టి రేణువులకు గట్టిగా అంటిపెట్టుకుని ఉంటాయి కనుక వేళ్లకు సులభంగా అందవు. నీరు ఆవిరైనకొద్దీ లవణాలు పైకి తేలి లేత మొక్కలను మాడ్చేస్తాయి. శిలీంధ్రాల సంగతీ అంతే. కట్టెను కుళ్లబెట్టే తెల్లకుళ్లు శిలీంధ్రాలు స్రవించే ఎంజైములు చమురులోని మొండి రసాయనాలను సైతం విడగొట్టగలవన్నది వాస్తవమే. కానీ ఆ ఎంజైముల్లో ముఖ్యమైనవి బాగా పనిచేసేది ఆమ్ల స్థితిలో, తేమ ఉన్నప్పుడు. పొడి నేలలో ఆ రెండూ కరువే. పైగా లోహం మూలకం. దాన్ని ఏ శిలీంధ్రమూ విడగొట్టి మాయం చేయలేదు. మహా అయితే కొంతకాలం పట్టి ఉంచుతుంది. ఇంత తెలిసీ చమురుకు, సీసానికి ఒకే మందు రాసిచ్చేవారిని ఏమనాలి?

ఈ వ్యవహారంలో ఎవరూ వేసి చూపని లెక్క ఒకటుంది. ఒక హెక్టారులో పైనున్న 20 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 2,600 టన్నులు. అందులో సీసం మోతాదును కిలోకు 100 మిల్లీగ్రాముల మేర తగ్గించాలంటే 260 కిలోల సీసాన్ని బయటకు తీయాలి. పొడి నేలలో ఏటా 5 టన్నుల ఎండు పంట వస్తుందనీ, అది కిలోకు 200 మిల్లీగ్రాముల సీసాన్ని పీల్చుకుంటుందనీ ఉదారంగా అనుకున్నా, ఏడాదికి వెళ్లేది ఒక్క కిలో. అంటే 260 ఏళ్లు పడుతుంది. అన్నేళ్లపాటు కోసిన విషపు పంటను ఎక్కడ పెడతారు? కోయకుండా వదిలేస్తే రాలిన ఆకుతో లోహం మళ్లీ నేలమీదికే వస్తుంది, మేసిన పశువు ద్వారా మనిషిదాకా చేరుతుంది.

పొడి నేలల్లో మొక్కలు నిజంగా చేయగల మేలు వేరే ఉంది. అక్కడ విషాన్ని ఊళ్లమీదికి మోసుకొచ్చేది ముఖ్యంగా గాలి. ఉప్పును, ఎండను తట్టుకునే స్థానిక గడ్డి, పొదలు ఆ దుమ్మును లేవకుండా పట్టి ఉంచగలవు. అమెరికాలోని అరిజోనాలో ఆర్సెనిక్, సీసం నిండిన గని వ్యర్థాల దిబ్బపై పరిశోధకులు అదే చేసి చూపారు. అందుకు వారు పెద్దయెత్తున కంపోస్టు కలపవలసి వచ్చింది, నీరు పెట్టవలసి వచ్చింది. ఇంతా చేస్తే విషం కదలకుండా నిలిచిందే తప్ప తొలగలేదు. దిబ్బను కట్టడి చేసి శుద్ధి చేశామని చెప్పుకోవడం మసిపూసి మారేడుకాయ చేయడమే.

పూర్వోదాహరణ కావాలంటే కువైట్ ఉంది. 1991లో ఇరాక్ సేనలు 600కు పైగా చమురు బావులను తగలబెట్టినప్పుడు ఎడారిలో చమురు మడుగులు కట్టింది. ఆ ఇసుకలో బతికిన మొక్కల వేళ్ల దగ్గర చమురును తినే సూక్ష్మజీవులను శాస్త్రవేత్తలు తర్వాత గుర్తించారు కూడా. అయినా ప్రకృతే చూసుకుంటుందని అక్కడ ఎవరూ సరిపెట్టుకోలేదు. ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్ ఇరాక్ చమురు రాబడి నుంచి సొమ్ము తీసుకుని నేల శుద్ధికి ఇప్పించింది. కలుషితం చేసినవారే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని పర్యావరణంపై 1992 రియో ప్రకటనను ఆమోదించిన ప్రభుత్వాలన్నీ ఒప్పుకున్నాయి. వేదికలపై ఆ సూత్రాన్ని వల్లించి, సొంత గడ్డమీద మొక్కల ఫొటోలు చూసి కాలుష్య సంస్థలకు విముక్తి పత్రాలు రాసివ్వడం పచ్చి కపటం.

మొక్కలు నాటవద్దని మేము అనడం లేదు. నాటిన తర్వాత మట్టిలో, భూగర్భ జలంలో, గాలి దుమ్ములో విషం ఎంత తగ్గిందో ఏటా స్వతంత్ర ప్రయోగశాలల చేత పరీక్షింపజేసి, ఫలితాలను చుట్టుపక్కల ప్రజల ముందుంచాలి. ఆ అంకెలు సురక్షిత స్థాయికి దిగేవరకు సంస్థల పూచీకత్తు సొమ్ములో ఒక్క పైసా విడుదల చేయకూడదు. మొక్కలు లెక్కబెట్టడం తేలిక, మట్టిని పరీక్షించడం కష్టం కనుక తేలికైన పనితో సరిపెడతామనే అధికారులు, ఆ మట్టిని ముందుగా తమ ఇంటి ముంగిట పోయించుకుని చూడాలి.