కత్తెరతో కోసిచ్చే మాత్రలు

సాయంత్రం ఏడు గంటలప్పుడు ఏ మందుల షాపు ముందైనా పది నిమిషాలు నిలబడి చూడండి. పని దిగి వచ్చిన సెంట్రింగ్ మేస్త్రీ కౌంటర్ మీద యాభై నోటు పెట్టి, "నడుం నొప్పికి మొన్న ఇచ్చారే, అవే ఇవ్వండి" అంటాడు. చీటీ ఏదని ఎవరూ అడగరు. షాపులో కుర్రాడు డబ్బాలోంచి స్ట్రిప్ తీసి, కత్తెరతో నాలుగు మాత్రలు కోసి, చిన్న కాగితం కవర్లో వేసి ఇస్తాడు. మందు పేరు, ఎర్ర గీత, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదన్న హెచ్చరిక ఉన్న ముక్క డబ్బాలోనే మిగిలిపోతుంది. తను మింగబోయేది పారాసెటమాలో, నల్లమందు జాతి మందో కొన్నవాడికి తెలియదు. తెలుసుకోవాలన్నా ఆ కవర్ మీద ఏమీ రాసి ఉండదు.

మత్తు అనగానే మన ప్రభుత్వాలకు గుర్తొచ్చేది గంజాయి. మన్యంలో తోటలు నరికించడం, చెక్‌పోస్టుల దగ్గర లారీలు ఆపడం, పట్టుబడిన మూటలు వరసగా పేర్చి ఫొటోలు దిగడం ఏళ్ళుగా చూస్తున్నాం. ఆ పని అవసరమే, తప్పు పట్టడం లేదు. కానీ నల్లమందు జాతి మందులైన ఓపియాయిడ్ల వ్యసనం కొండల్లోంచి దిగి రావడం లేదు. లైసెన్సు అద్దం ఫ్రేములో పెట్టి గోడకు తగిలించుకున్న షాపులోంచి, మన వీధిలోంచే, నొప్పి మాత్ర రూపంలో వస్తోంది. దాన్ని ఆపాల్సిన చోటు ఆ కౌంటరేనని ఈ పత్రిక గట్టిగా నమ్ముతోంది. అక్కడ కన్ను మూసుకుని, అలవాటు పడ్డవాడిని తర్వాత స్టేషన్‌లో కూర్చోబెడితే ఒక్క ఇల్లు కూడా బాగుపడదు.

గసగసాల కాయకు గాటు పెడితే కారే పాలే నల్లమందు. అందులోంచి తీసేవి మార్ఫిన్, కొడీన్. నల్లమందులోని పదార్థాలను మార్చి చేసేవి హెరాయిన్, ఆక్సికోడోన్. నల్లమందుతో పని లేకుండా ఫ్యాక్టరీలో తయారయ్యేవి ట్రమడాల్, టాపెంటడాల్, ఫెంటనిల్. వీటన్నిటినీ కలిపి ఓపియాయిడ్లు అంటారు. మన ఇళ్ళల్లోకి వచ్చేవి ఎక్కువగా ట్రమడాల్, టాపెంటడాల్ మాత్రలు, కొడీన్ కలిసిన దగ్గు మందులు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో బయటికొచ్చింది. దేశంలో 2 కోట్లకు పైగా జనం ఏదో ఒక ఓపియాయిడ్ వాడుతున్నారని, అందులో సుమారు 77 లక్షల మందికి చికిత్స, సాయం అవసరమని అది చెప్పింది. ఆ 77 లక్షల్లో సగానికి పైగా కొద్ది రాష్ట్రాల్లోనే ఉన్నారు. పంజాబ్, హర్యానా, ఢిల్లీలతో పాటు ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉంది. ఇది పంజాబ్ గొడవ, మనకెందుకులే అనుకునేవారు ఆ జాబితా ఒకసారి చూడాలి.

ఈ అలవాటు మనిషిని ఎలా పట్టుకుంటుందో ఆ మేస్త్రీ వెంట నడిచి చూద్దాం. మొదటి మాత్రకు నడుం నొప్పి పోతుంది. నొప్పితో పాటు అప్పుల టెన్షన్, ఇంట్లో గొడవ, రేపటి పని మీద దిగులు కూడా కాసేపు దూరమవుతాయి. మెదడులో హాయిని పుట్టించే చోటే ఈ మందు పనిచేస్తుంది. మన శరీరం తనంతట తాను కొద్దికొద్దిగా తయారుచేసుకునే ఎండార్ఫిన్లు అనే రసాయనాల కుర్చీలో ఇది వచ్చి కూర్చుంటుంది. కొన్ని వారాలకు ఒక మాత్ర చాలదు, రెండు కావాలి, తర్వాత నాలుగు. ఒకరోజు షాపు మూసి ఉంటే అసలు సంగతి బయటపడుతుంది. ఆగకుండా ఆవలింతలు, కళ్ళ వెంట, ముక్కు వెంట నీళ్ళు, ఒళ్ళంతా గగుర్పాటు, కాళ్ళు పీకేయడం, విరేచనాలు, రాత్రంతా నిద్ర లేకపోవడం. ఇంట్లోవాళ్ళు వైరల్ జ్వరం అనుకుని కషాయం కాచి ఇస్తారు. అతను మాత్రం ఒక్క మాత్రతో ఇదంతా అరగంటలో పోతుందని కనిపెడతాడు. ఇక ఆ రోజు నుంచి మాత్ర మింగేది నొప్పి కోసం కాదు, ఈ బాధ రాకుండా ఉండటానికి. వ్యసనమంటే జల్సా అనుకునేవారికి ఈ సంగతి తెలియదు.

అలవాటు పడటానికి ఎన్నాళ్ళు పడుతుంది? మనం అనుకునేదానికంటే చాలా తక్కువ. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2017లో ఒక లెక్క బయటపెట్టింది. అంతకు ముందు ఓపియాయిడ్లు వాడని, క్యాన్సర్ లేని పెద్దవాళ్ళకు కనీసం ఒక్కరోజు మందు రాసినా, వారిలో 6 శాతం మంది ఏడాది తర్వాతా వాడుతూనే ఉన్నారు. తొలి చీటీ 8 రోజులు, ఆపైన ఉంటే అది 13.5 శాతం. 31 రోజులు, ఆపైన ఉంటే దాదాపు 30 శాతం. అంటే చీటీ మీద డాక్టర్ వేసే రోజుల అంకె ఆ మనిషి జీవితాన్నే మలుపు తిప్పగలదు. దిగులు జబ్బు ఉన్నవారికి, చిన్నతనంలో దెబ్బలు తిని పెరిగినవారికి, మద్యం అలవాటున్నవారికి, కుటుంబంలో ఇలాంటి వ్యసనం ఉన్నవారికి ముప్పు ఇంకా ఎక్కువ. ఇందులో వాడి బుద్ధి మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే లేదు.

ప్రాణం పోయేది ఎలాగో కూడా చెప్పుకోవాలి. ఓపియాయిడ్ మోతాదు మించితే ఊపిరి నడిపించే మెదడు భాగం మందగిస్తుంది. మనిషి నిద్రపోతున్నట్టే ఉంటాడు, గురక కూడా వినిపిస్తుంది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగిపోతూ చివరికి ఆగిపోతుంది. మద్యం తాగి ఈ మాత్ర వేసుకున్నా, నిద్రకని అల్ప్రాజోలం కలిపి మింగినా ఆ ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ట్రమడాల్ ఎక్కువైతే ఫిట్స్ కూడా వస్తాయి. తెలంగాణకు ఈ హెచ్చరిక మరీ అవసరం. కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం, డైజీపాం ఓపియాయిడ్లు కావు గానీ, అవి శరీరాన్ని బానిసను చేసుకునే తీరు ఇలాంటిదే. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే చేతులు వణుకుతూ, పిచ్చి చూపులు చూస్తూ జనం ఎర్రగడ్డ ఆస్పత్రికి బారులు తీరారు. ఆ కల్లు తాగి వచ్చి నొప్పి మాత్ర వేసుకునే మనిషి తన గుండెల మీద రెండు బరువులు పెట్టుకున్నట్టే.

ఇంకో ప్రమాదం గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. డీ-అడిక్షన్ సెంటర్‌లో నెల రోజులో, జైల్లో రెండు నెలలో ఉండి వచ్చినవాడికి పాత మోతాదును తట్టుకునే శక్తి పోయి ఉంటుంది. వెనకటి అలవాటు కొద్దీ అన్నే మాత్రలు వేసుకుంటే అదే ఆఖరి రాత్రి కావచ్చు. "మా వాడు బాగుపడి వచ్చాడు" అని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునే ఆ వారాలే అన్నిటికంటే ప్రమాదకరమైనవి. పంపించేటప్పుడు ఆ మాట ఇంట్లోవాళ్ళకు చెప్పని సెంటర్ సగం పనే చేసినట్టు.

డాక్టర్ రాసిన మందు దేశాన్ని ఎంతవరకు తీసుకెళ్ళగలదో అమెరికా చూపించింది. 1980లో అక్కడి ప్రముఖ వైద్య పత్రికలో ఐదు వాక్యాల ఉత్తరం ఒకటి అచ్చయింది. ఆస్పత్రిలో నార్కోటిక్ మందు ఇచ్చిన 11,882 మందిలో నలుగురికే వ్యసనం కనిపించిందని అందులో ఉంది. అది ఆస్పత్రి మంచం మీద, నర్సు చేత్తో ఇచ్చిన మందు లెక్క. ఇంటికి పట్టుకెళ్ళి నెలల తరబడి మింగే మాత్రల గురించి అది ఒక్క ముక్క చెప్పలేదు. అయినా తర్వాతి రోజుల్లో వందల వ్యాసాలు ఆ ఉత్తరాన్నే సాక్ష్యంగా చూపించాయి. మందుల కంపెనీ పర్డ్యూ ఫార్మా 1996లో ఆక్సికాంటిన్ పేరుతో ఆక్సికోడోన్ మాత్ర తెచ్చి, అలవాటయ్యే అవకాశం నూటికి ఒక్కరికి కూడా లేదని తన ప్రతినిధుల చేత డాక్టర్లకు చెప్పించింది. జనాన్ని తప్పుదోవ పట్టించామని ఆ కంపెనీ వైపు నుంచి 2007లో కోర్టులో ఒప్పుకుని, 60 కోట్ల డాలర్లకు పైగా కట్టారు. అప్పటికే ఊళ్ళకు ఊళ్ళు మునిగాయి. మాత్రలు దొరకడం కష్టమయ్యాక జనం హెరాయిన్‌కు మారారు. 2013 తర్వాత హెరాయిన్ స్థానంలోకి ఫెంటనిల్ వచ్చింది. మార్ఫిన్ కంటే అది వంద రెట్లు ఘాటు. 1999 నుంచి 2023 దాకా ఓపియాయిడ్లు అక్కడ సుమారు 8 లక్షల మందిని బలి తీసుకున్నాయి.

అమెరికాలో చదువుకుంటున్న పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి చదవాలి. అక్కడ వీధుల్లో, ఫోన్ యాప్‌లలో దొరికే నకిలీ మాత్రలు చూడటానికి అచ్చం ఫార్మసీ మాత్రల్లాగే ఉంటాయి. అక్కడి మాదకద్రవ్య నిరోధక సంస్థ 2023లో పరీక్షించిన ఫెంటనిల్ నకిలీ మాత్రల్లో పదింటికి ఏడింటిలో ప్రాణం తీయగల మోతాదు ఉంది. పరీక్షల ముందు నిద్ర రాకుండా ఉండటానికని రూమ్మేట్ ఇచ్చిన మాత్ర ఒక్కటి చాలు. ఫార్మసీలో తన పేరు మీద ఇచ్చినది తప్ప ఇంకే మాత్రా నోట్లో వేసుకోవద్దని ఈ వారం ఫోన్ చేసినప్పుడే చెప్పండి.

పంజాబ్ అనుభవం ఇంకో పాఠం. మత్తు కోసం వాడే గసగసాల కాయల పొట్టు మీద కట్టడి పెరిగితే జనం మాత్రలకు మారారు. 2018 ఏప్రిల్‌లో ట్రమడాల్‌ను మాదకద్రవ్యాల నియంత్రణ చట్టమైన ఎన్డీపీఎస్ కిందికి తెచ్చారు, వాడకం వేరే మాత్రల మీదికి జరిగింది. ఒక మందును మూస్తే పక్క మందు తెరుచుకుంటుంది, ఎందుకంటే అలవాటు పడ్డ శరీరం అలాగే మిగిలి ఉంది. ఆ రాష్ట్రం 2017 చివర్లో తెరిచిన ఔట్‌పేషెంట్ క్లినిక్‌లే అక్కడ వేసిన సరైన అడుగు అని మా అభిప్రాయం. ఈ వ్యసనానికి చికిత్సగా ఇచ్చే బుప్రెనార్ఫిన్, నాలోక్సోన్ కలిసిన మాత్ర నాలుక కింద పెట్టుకుని, ఒంటి బాధ లేకుండా పనికి వెళ్ళగలిగితే ఆ మనిషి కుటుంబంలోనే ఉంటాడు. అందులో లోపాలు లేకపోలేదు, ఆ మాత్రలూ పక్కదారి పట్టాయి. అయినా గొలుసులు వేసి గదిలో పడేసే ప్రైవేటు 'సెంటర్ల' కంటే అది వెయ్యి రెట్లు మేలు.

మందుల తయారీలో మన పేరు ప్రపంచమంతా ఉంది, అందుకు గర్వపడతాం. ఆ గర్వంతో పాటు కొంత పూచీ కూడా మన మీద ఉంది. టాపెంటడాల్‌కు కండరాలు సడలించే కారిసోప్రొడాల్ కలిపిన మాత్రలు మన దేశం నుంచి పశ్చిమ ఆఫ్రికా వీధులకు చేరి అక్కడి కుర్రాళ్ళను నాశనం చేస్తున్నాయని బీబీసీ బయటపెట్టాక గానీ, 2025 ఫిబ్రవరిలో కేంద్రం వాటి తయారీని, ఎగుమతిని ఆపలేదు. మరుసటి నెలలోనే ఫెంటనిల్ తయారీకి పనికొచ్చే రసాయనాలు పంపిందంటూ హైదరాబాద్ కంపెనీ ఒకదాని మీద అమెరికా న్యాయశాఖ అభియోగాలు మోపింది. ఘనాలో ఒక తల్లి కడుపుకోత మనకు దూరం విషయం కాకూడదు.

కట్టడి అనగానే మనకొక భయం కూడా ఉంది. ఎన్డీపీఎస్ చట్టం 1985లో వచ్చాక లైసెన్సుల గొడవకు జడిసి ఎన్నో ఆస్పత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. ఫలితం, క్యాన్సర్ ముదిరి ఎముకల్లోకి పాకినవారు కేకలు పెడుతూ పోయారు. 2014 సవరణ మార్ఫిన్‌తో సహా ఆరు మందులను అత్యావశ్యక నార్కోటిక్‌లుగా గుర్తించి ఆ చిక్కులు తగ్గించింది. కేరళలో 1993లో కోళికోడ్‌లో మొదలైన, నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే పాలియేటివ్ ఉద్యమం, మన హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి చేస్తున్న పని చూస్తే, లెక్క ప్రకారం ఇస్తే మార్ఫిన్ ఎంత దయగల మందో అర్థమవుతుంది. మేస్త్రీకి చీటీ లేకుండా ట్రమడాల్ దొరుకుతూ, మంచాన పడ్డ క్యాన్సర్ రోగికి జిల్లా ఆస్పత్రిలో మార్ఫిన్ దొరక్కపోతే రెండు వైపులా అన్యాయమే.

చట్టంలో కొరత లేదు. 2014 నుంచి అమల్లో ఉన్న హెచ్1 నిబంధన ప్రకారం ట్రమడాల్ లాంటి మందులు అమ్మితే రోగి పేరు, రాసిన డాక్టర్ పేరు, ఇచ్చిన మాత్రల సంఖ్య విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు దాచాలి. 2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్ 'ఆపరేషన్ గరుడ' పేరుతో మందుల షాపులు తనిఖీ చేసింది. మంచి పని. కానీ ఏడాదికోసారి దాడి చేసి పత్రికా ప్రకటన ఇస్తే చాలదు. హోల్‌సేల్‌లో ఒక షాపు ఎన్ని స్ట్రిప్పులు కొన్నదీ, దాని రిజిస్టర్‌లో ఎన్ని అమ్మినట్టుందీ ప్రతి నెలా పోల్చి చూడాలి, రెండు రాష్ట్రాల్లోనూ. తేడా వచ్చిన చోట లైసెన్సు రద్దు చేయాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పోస్టులు ఖాళీగా ఉంచి ఈ పని అవుతుందని ఎవరూ చెప్పొద్దు. ఊళ్ళో ఆర్ఎంపీల దగ్గర ఈ ఇంజెక్షన్లు, మాత్రలు ఎలా ఉంటున్నాయో కూడా తేల్చాలి. ఓపియాయిడ్ మోతాదు మించినవాడిని నిమిషాల్లో వెనక్కి తెచ్చే నాలోక్సోన్ ప్రతి 108 అంబులెన్సులో, ప్రతి పీహెచ్‌సీలో ఉండాలి. అమెరికాలో దాని ముక్కు స్ప్రేను 2023 నుంచి చీటీ లేకుండానే అమ్మనిస్తున్నారు.

ఇళ్ళల్లో భయంతో నోరు మెదపనివారికి ఒక మాట. వ్యసనంలో ఉన్నవాడు తనంతట తాను గుర్తింపు పొందిన ఆస్పత్రికి చికిత్సకు వస్తే, వాడినందుకో, కొద్ది పరిమాణం దగ్గర ఉన్నందుకో శిక్ష పడకుండా ఎన్డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ కాపాడుతుంది. డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 నంబరుకు ఎవరైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మాత్రలు ఒక్కసారిగా లాక్కుని గదిలో పెట్టి తాళం వేయకండి, డాక్టర్ చేతుల మీదుగా తగ్గించండి.

ఫోన్ చేసినవారిని ఎక్కడికి పంపుతారన్నది ప్రభుత్వాలు చెప్పాలి. బుప్రెనార్ఫిన్ ఇచ్చే ప్రభుత్వ క్లినిక్ ఏ జిల్లాలో ఉంది, వారంలో ఎన్ని రోజులు తెరుస్తారు, మానసిక వైద్యులు ఎందరున్నారు, మంచాలెన్ని? ఆ జాబితా జిల్లాలవారీగా రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలనూ ఈ పత్రిక అడుగుతోంది. ఇస్తే మొదటి పేజీలో, ఫోన్ నంబర్లతో సహా అచ్చు వేస్తాం.