"ఆగితే లాభం" అంటున్న ఆ ఇల్లు అమ్మకం ఫార్వర్డ్‌లో లెక్క తప్పింది

ఇల్లు అమ్మేవాళ్ళకి సలహాలంటూ ఒక మెసేజ్ రెండు వారాలుగా ప్రతి గ్రూపులో తిరుగుతోంది, నాకే నలుగురు పంపారు. అందులో ఉన్నది ఇదీ: మార్కెట్ పీక్‌కి వచ్చేదాకా ఆగండి, వడ్డీ రేట్లు తగ్గనివ్వండి, కొన్న రేటు కంటే పైసా తక్కువకి ఇవ్వొద్దు, సీజన్లోనే అమ్మకానికి పెట్టండి, ముందు ఎక్కువ చెప్పండి అవసరమైతే తర్వాత తగ్గించుకోవచ్చు. చదవడానికి బాగానే ఉంది కానీ దీన్ని నమ్మి ఏడాదులు పోగొట్టుకున్నవాళ్ళని చూశాను కాబట్టి రాస్తున్నా.

పీక్ సంగతి చూద్దాం. అది దాటిపోయాకే అదే పీక్ అని తెలుస్తుంది, వచ్చిన రోజున మాత్రం మామూలు రోజులాగే ఉంటుంది. అమెరికాలో ఇళ్ళ ధరలు 2006లో ఆగిపోయి, అక్కడి నుంచి 2012 దాకా దేశం మొత్తం మీద పావు వంతుకు పైగా పడ్డాయి. 2006లో "ఇంకో ఏడాది చూద్దాం" అనుకున్నవాళ్ళేం అమాయకులు కాదు, ఏళ్ళ తరబడి పెరగడమే చూశారు కాబట్టి ఇంకా పెరుగుద్దనుకున్నారు, అంతే.

సరే, పీక్ ముందే తెలిసిపోయిందనుకుందాం. ఇల్లు అమ్మేసి ఎక్కడుంటారు? ఇంకో ఇల్లు కొంటారు కదా, అదీ ఎక్కువ సార్లు అదే ఊళ్ళో, అదే మార్కెట్లో. మీ ఇల్లు 100 అనుకోండి, వెళ్ళాలనుకుంటున్న పెద్ద ఇల్లు 150, చేతి నుంచి వేసుకోవాల్సింది 50. మార్కెట్ 10 శాతం పెరిగిందా, మీది 110, అది 165, ఇప్పుడు మీరు వేసుకోవాల్సింది 55, అంటే ఆగినందుకు మీకే 5 బొక్క. అదే మార్కెట్ 20 శాతం పడితే మీది 80, అది 120, తేడా 40కి దిగింది. పేపర్ మీద మీ ఇంటి విలువ తగ్గి మీ నెత్తిన భారం కూడా తగ్గింది! పెద్ద ఇంటికి మారేవాళ్ళకి పడిన మార్కెట్టే మంచిది (పాత లోన్ ఇంటి విలువని దాటిపోకపోతే అనుకోండి). పిల్లలు స్థిరపడ్డాక చిన్న ఇంటికి మారేవాళ్ళకి, అమ్మేసి ఇక కొనకుండా ఉండేవాళ్ళకి మాత్రం పెరిగిన మార్కెట్ నిజంగా లాభం. ఈ ముగ్గురికీ కలిపి ఒకటే సలహా ఇచ్చాడు చూడండి, అక్కడే ఆ మెసేజ్‌కి తలా తోకా లేకుండా పోయింది.

ఇంకోటి, ఆగడం ఫ్రీ కాదు. లోన్ మీద వడ్డీ, పన్ను, రిపేర్లు నడుస్తూనే ఉంటాయి, ఇల్లు ఖాళీగా ఉంటే మరీను. ఏడాదికి ధర 5 శాతం పెరిగి ఖర్చులన్నీ కలిపి 6 శాతం అవుతుంటే మీరు లాభం కోసం ఆగుతున్నట్టా, నష్టానికి కాపలా కాస్తున్నట్టా?

వడ్డీ తగ్గనివ్వండి అన్నది కొంచెం నిజం. వడ్డీ తగ్గితే కొనేవాళ్ళు పెరుగుతారు, ఒప్పుకుంటా. కానీ ఆ రోజు కోసం మీలాగే ఆగిన అమ్మేవాళ్ళు కూడా అప్పుడే రోడ్డెక్కుతారు. దీనికి తిరగేసిన కేసు అమెరికాలోనే జరిగింది, అక్కడ 30 ఏళ్ళ లోన్ రేటు 2021 జనవరిలో 2.65 శాతం, 2023 అక్టోబర్‌కి 7.79 అయింది. ధరలు కుప్పకూలుతాయన్నారు, కూలలేదు, ఎందుకంటే తక్కువ వడ్డీకి లోన్ తీసుకున్నవాళ్ళు దాన్ని వదులుకోలేక ఇళ్ళు అమ్మకానికే పెట్టలేదు.

"కొన్న రేటు కంటే తక్కువకి ఇవ్వొద్దు"... దీని మీద నాకు బాగా కోపం. మీరు ఎంతకి కొన్నారన్నది కొనేవాడికి ఎందుకు? బోస్టన్‌లో 1990ల నాటి ఫ్లాట్ల అమ్మకాల మీద జెనెసోవ్, మేయర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన స్టడీ 2001లో వచ్చింది, నష్టానికి అమ్మాల్సొచ్చినవాళ్ళు ఆ నష్టంలో 25 నుంచి 35 శాతం దాకా కలిపి ఎక్కువ రేటు చెప్పారట. ఉన్నమాట చెప్పాలి, అమ్మగలిగినవాళ్ళకి కాస్త ఎక్కువే వచ్చింది, నష్టంలో 3 నుంచి 18 శాతం వరకు. కానీ వాళ్ళ ఇళ్ళు అమ్ముడుపోయే అవకాశం మాత్రం బాగా తగ్గిపోయింది.

సీజన్ గురించి పెద్దగా గొడవ లేదు. కొన్ని చోట్ల నిజంగానే ఉంటుంది, బ్రిటన్‌లో, అమెరికాలో చలి తగ్గాక బేరాలూ రేట్లూ రెండూ పెరుగుతాయి, కానీ మీరు ఆ సీజన్లోనే కొంటారు కాబట్టి పైన చెప్పిన లెక్కే మళ్ళీ వస్తుంది.

ఇక ఎక్కువ చెప్పి తగ్గించుకోవడం. మా అన్నయ్య సరిగ్గా ఇదే చేశాడు. మొదటి రెండు వారాల్లోనే ఎక్కువ మంది చూడ్డానికొచ్చారు, ఒకాయన ఆఫర్ కూడా ఇచ్చాడు, వీడు "ఇది ఆరంభమే కదా" అని వద్దన్నాడు. తర్వాత ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ఆరు నెలలయ్యాక వచ్చినవాళ్ళ మొదటి ప్రశ్నే "ఇన్నాళ్ళూ ఎందుకు అమ్ముడుపోలేదు, ఏమైనా లిటిగేషనా?" అని. రేటు తగ్గించిన ప్రతిసారీ ఆ అనుమానం ఇంకాస్త పెరిగింది.

అలాగని ఏజెంట్ "ఇప్పుడే ఇచ్చేయండి" అనగానే ఇచ్చేయమని కూడా నేననను. లెవిట్, సైవర్సన్ అనే ఇద్దరు షికాగో చుట్టుపక్కల దాదాపు లక్ష అమ్మకాలు చూసి 2008లో పేపర్ వేశారు, ఏజెంట్లు తమ సొంత ఇల్లయితే సగటున తొమ్మిదిన్నర రోజులు ఎక్కువ ఆగి 3.7 శాతం ఎక్కువకి అమ్ముకుంటున్నారట. మీ ఇంటికి రేటు కొంచెం పెరిగితే వాళ్ళ కమిషన్‌లో పెరిగేది చిల్లరే కదా, త్వరగా తేల్చేస్తే వాళ్ళకి పని అయిపోతుంది. అయితే గమనించండి, వాళ్ళు ఆగింది రోజులు, ఏళ్ళు కాదు.

మా అన్నయ్య ఇల్లు పద్నాలుగో నెలలో పోయింది, ఆ మొదటాయన ఇస్తానన్న దానికన్నా తక్కువకి. ఇప్పటికీ మార్కెట్ బాలేదనే అంటాడు. నాకు ఆ మెసేజ్ పంపిన నలుగురిలో వాడూ ఒకడు.