‘పని అనుభవం’ గడి గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ దరఖాస్తు ఫారంలోని ‘పని అనుభవం’ గడి గారి సముఖానికి,

నమస్కారాలు. మిమ్మల్ని దగ్గర నుంచి చూసే భాగ్యం నిన్న రాత్రి పదకొండు దాటాక కలిగింది. మా మేనల్లుడు ఒక వ్యాపార నిర్వహణ కోర్సుకు దరఖాస్తు నింపుతుంటే పక్కన కూర్చున్నాను. పేరు కొట్టాడు, పుట్టిన తేదీ కొట్టాడు, మార్కులు కొట్టాడు. తర్వాత మీరు వచ్చారు, నెత్తిన ఎర్ర చుక్కతో, నన్ను దాటి ఎలా వెళ్తావో చూస్తానన్నట్టు. వాడు నిజాయితీగా సున్నా కొట్టాడు. ‘సరైన సంఖ్య ఇవ్వండి’ అన్నారు. ఖాళీగా వదిలేశాడు. ‘ఈ గడి తప్పనిసరి’ అన్నారు. కింద హోదా జాబితా ఉంది: మేనేజరు, సీనియర్ మేనేజరు, డైరెక్టరు, ఇతరములు. పాపం ‘ఇతరములు’ నొక్కాడు. వివరాలు 20 అక్షరాలు మించకూడదన్నారు. ‘అమ్మ కుట్టు దుకాణం ల’ దగ్గర కీబోర్డు మొండికేసింది. ‘లెక్కలు’ అన్న మాటలో ‘ల’ తప్ప మిగిలినదంతా బయటే ఉండిపోయింది.

ఈ చదువు చదివితే ఉద్యోగం వస్తుందని కదా వాడు మీ గడప తొక్కింది. మీరేమో ఉద్యోగం చేసొస్తే చదువు చెప్తామంటారు. ఉద్యోగమిచ్చేవాళ్లు ముందు చదువు చూపించమంటారు. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు అన్న సామెతను ఇంత పకడ్బందీగా సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించిన ఘనత తమరిదే.

వాడికి అనుభవం లేదన్న మీ తీర్పు మీద చిన్న అప్పీలు చేసుకుంటున్నాను. వాడి డిగ్రీ అయి మూడేళ్లయింది. ఈ మూడేళ్లూ మా అక్క దుకాణం లెక్కలు వాడివే. అట్ట ఊడిపోయిన పొడుగు నోటుబుక్కు ఒకటుంది. ఎడమ పేజీలో రావాల్సినవి, కుడి పేజీలో ఇవ్వాల్సినవి. దారం, జిప్పులు, లైనింగు బట్ట ఇచ్చే షావుకారు పదిహేను రోజుల్లో బాకీ కట్టమంటాడు. కుట్టించుకున్నవాళ్లు నెల తిరిగితేగాని ఇవ్వరు. మధ్యలో ఆ పదిహేను రోజుల బరువు ఇంటి ఖర్చు డబ్బు మీద పడేది. వీడు ఏడాది పేజీలు వెనక్కి తిప్పి, ఎవరు ఎన్ని రోజులకు ఇస్తున్నారో ప్రతి పేరు పక్కనా పెన్సిలుతో అంకె వేశాడు. నలభై దాటిన పేర్ల చుట్టూ గీత చుట్టాడు. వాళ్ల దగ్గర సగం డబ్బు ముందే పుచ్చుకోమని వాళ్లమ్మకు చెప్పాడు. ఆవిడ మొహమాటంతో రెండు నెలలు నాన్చింది. ఒప్పుకున్నాక, షావుకారు వచ్చే రోజున ఇంటి డబ్బాలో చెయ్యి పెట్టాల్సిన పని తప్పింది.

దీన్ని మీ తరగతి గదుల్లో వర్కింగ్ క్యాపిటల్ నిర్వహణ అంటారట. పెన్సిలు అంకెలకు రిసీవబుల్స్ ఏజింగ్ అని పేరట. తెర మీద రంగు పట్టీలుగా చూపిస్తే అది పాఠం, నోటుబుక్కులో చేసి చూపిస్తే ‘ఇతరములు’. జీతం స్లిప్పు లేని పని పనే కాదని తమకు ఏ గురువు ఉపదేశించాడో!

వాడికి అన్నీ వచ్చని నేననడం లేదు. ఒక చొక్కా ధరలో వాళ్లమ్మ కూలి ఎంత వేసుకోవాలో వాడికి తెలియదు. అసలు వేసుకోవాలనే తెలియదు. రోజుకు పది గంటలు ఆవిడ ఊరికే కుడుతున్నట్టు లెక్క కట్టి, చివర మిగిలినదాన్ని లాభం అనుకుంటున్నాడు. ఆ ఒక్క తప్పు దిద్దుకుంటే దుకాణం నిజంగా నడుస్తోందా, ఆవిడ నడుము మీద నడుస్తోందా తేలిపోతుంది. అది నేర్పేవాళ్లు మీ వెనకాల ఉన్నారు. మధ్యలో మీరున్నారు.

మీ వంశవృక్షం కూడా కాస్త తిరగేశాను, ఏమనుకోకండి. ప్రతి లావాదేవీనీ రెండు చోట్ల రాసే జంటపద్దు విధానాన్ని అచ్చు పుస్తకంలో వివరించి పేరు తెచ్చుకున్న లూకా పచోలీ ఒక ఫ్రాన్సిస్కన్ క్రైస్తవ సన్యాసి. 1494లో వెనిస్‌లో అచ్చయింది ఆ పుస్తకం. ఆ పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు, వెనిస్ వర్తకులు అప్పటికే రాసుకుంటున్నదే. దాన్ని పండితుల లాటిన్ వదిలేసి, అంగడి మనుషులకు అర్థమయ్యే ఇటాలియన్‌లో రాశాడు. మీ తాతగారు దుకాణాల నోటుబుక్కులు చూసి పాఠం రాస్తే, మనవడైన మీరు నోటుబుక్కు వాణ్ని గుమ్మంలో నిలబెట్టారు.

ఇంకో సంగతి. 1844 డిసెంబరు 21న ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది, నేతపనివాళ్లూ ఇతర చేతిపనులవాళ్లూ కలిసి, 28 పౌన్ల పెట్టుబడితో టోడ్ లేన్‌లో దుకాణం తెరిచారు. అమ్మకానికి పెట్టినవి పిండి, వెన్న, చక్కెర, కొవ్వొత్తుల్లాంటివి నాలుగైదు సరుకులు. తర్వాత మిగులులో రెండున్నర శాతం చదువుకని తీసి పక్కన పెట్టారు. ఇవాళ్టికీ ప్రపంచంలో సహకార సంఘాలు వాళ్ల సూత్రాలే చెప్పుకుంటాయి. ఆ 28 మందీ ఇప్పుడు మీ ముందుకొస్తే ‘ఏ సంస్థలో, ఏ హోదాలో?’ అంటారు, సీటివ్వరు. కొన్నేళ్ల తర్వాత వాళ్ల మీద కేస్ స్టడీ రాయించి, దానికో ధర కట్టి అమ్ముతారు.

మీ ఇరుగుపొరుగు గడుల సంగతీ ఒక మాట. ‘ఫీజు రాయితీ’ గారు చాలా దయామయులు. కాకపోతే ఆ దయ మనదాకా రావాలంటే ఆదాయం లేదని రుజువు చేసే కాగితం కోసం మూడు రోజుల ఆదాయం పోగొట్టుకోవాలి. దరఖాస్తు రుసుముకు రాయితీ లేదు, వాపసూ లేదు. తరగతులు పదింటి నుంచి నాలుగింటి దాకా. నిరుద్యోగి కదా, ఖాళీగానే ఉంటాడని ఎవరో లెక్కేసినట్టున్నారు. వాడు పొద్దున పార్సిళ్లు అందిస్తాడు, మధ్యాహ్నం దుకాణం చూస్తాడు, సాయంత్రం పిల్లలకు లెక్కలు చెప్తాడు. ఈ మూడూ కలిపినా ఉద్యోగం అనిపించుకోవు, ఏది మానేసినా మాత్రం ఇంట్లో తెలిసిపోతుంది. ఒకటి ఎంచుకుంటే వదులుకోవాల్సినదాని విలువను అవకాశ వ్యయం అని మొదటి వారంలోనే బోర్డు మీద రాసి చెప్పే బడి, తన టైం టేబులుకు ఆ లెక్క ఎందుకు కట్టుకోదో మరి.

‘ఇద్దరు పైఅధికారుల సిఫారసు లేఖలు’ అన్నచోట వాడు నా మొహం చూశాడు. వాడి పైఅధికారి వాళ్లమ్మ. రెండో పైఅధికారి కూడా వాళ్లమ్మే, ఆదివారాలు కూడా పని చెప్తుంది కాబట్టి. ‘అయిదేళ్లలో మీ సంస్థను ఎక్కడికి తీసుకెళ్తారు?’ అని వెయ్యి పదాల వ్యాసం ఒకటుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

సీటు రాకపోతే ఇంకా దారులున్నాయని పెద్దలంటారు. నిజమే, ఉన్నాయి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు తమ పాఠాలను అందరికీ ఉచితంగా పెడతామని 2001లోనే ప్రకటించారు, పెట్టారు కూడా. 2009లో మొదలైన యూనివర్సిటీ ఆఫ్ ది పీపుల్ అనే ఆన్‌లైన్ విశ్వవిద్యాలయం ట్యూషన్ ఫీజు తీసుకోదు, కోర్సు కోర్సుకూ మదింపు రుసుము మాత్రం కట్టాలి. వాళ్లకు నా దండాలు. చాలాచోట్ల మాత్రం చదువు ఊరికే ఇస్తారు, చదివావని చెప్పే కాగితానికి డబ్బడుగుతారు. మూడు రోజుల వ్యాపార శిక్షణ శిబిరాలు కూడా ఉన్నాయి. వాడు ఒకదానికి వెళ్లొచ్చాడు. ‘ఉద్యోగం అడిగేవాళ్లు కాదు, ఇచ్చేవాళ్లు కండి’ అని నెల జీతం మీద బతికే ఒక పెద్దమనిషి చెప్పారట. ఒక ఫైలు, ఒక పెన్ను ఇచ్చారు. ఆ పెన్నుతోనే నోటుబుక్కు రాస్తున్నాడు.

మిమ్మల్ని ఉద్యోగం మానెయ్యమని నేను అడగను. నిరుద్యోగం ఎలా ఉంటుందో మా ఇంట్లో చూస్తూనే ఉన్నాం, పగవాళ్లకు కూడా వద్దు. మీ పేరు మాత్రం కొంచెం మార్చుకోండి. ‘ఇప్పటిదాకా ఏం చేశారు? లెక్క చూపించగలరా?’ అనండి. సున్నాను కూడా అంకెగా గుర్తించండి. 20 అక్షరాలను 2,000 చెయ్యండి, వాడు మాట్లాడే భాషలో రాయనివ్వండి. నోటుబుక్కు పేజీ ఫోటో పెట్టుకునే చోటివ్వండి. అది 50 కేబీ మించకూడదని మాత్రం అనకండి, పెన్సిలు అంకెలు కనపడవు.

ఉంటాను. వాడు లోపలి నుంచి పిలుస్తున్నాడు. నిన్న రాత్రి కొట్టినదంతా పోయిందట, గడువు ఇంకో రోజు పొడిగించారట, మొదటి నుంచి నింపాలట. పేరు, పుట్టిన తేదీ, మార్కులు అయిపోయాయి. మీ దగ్గరే ఆగాడు.

ఇట్లు,
‘ఇతరములు’ తరఫున,
వాడి మేనమామ