బీర తీగ, అమ్మ చెంబు

పొద్దున్నే ఫోన్ తీస్తే ఒక గులాబీ పువ్వు, దాని కింద ‘ఉన్నదానికి కృతజ్ఞతతో ఉండండి’. మా బంధువుల గ్రూపులోనే రోజుకు ఆరేడు వస్తాయి. పంపేవాళ్ళలో ఒక్కరి పెరట్లో కూడా గులాబీ చెట్టు లేదు, అది వేరే సంగతి. ఈ మాట వింటేనే నాకు మంట. ఎందుకో చెప్తా.

నల్లగొండలో మా ఇంటి వెనక రెండు మంచాలు పట్టేంత జాగా ఉంది. పుంటికూర, నాలుగు మిరప మొక్కలు, కరివేపాకు, ఎవరూ వేయకుండానే మొలిచే గంగవాయిలి కూర. జూన్‌లో బీర గింజలు పెట్టాను. తీగ గోడెక్కి డాబా దాకా పాకింది. పూలే పూలు, కాయ ఒక్కటీ లేదు. ఓ ఆదివారం పొద్దున విసుగొచ్చి పీకేద్దామని కొడవలి పట్టుకుంటే అమ్మ అడ్డం పడింది. ‘‘ఇంకో వారం చూడరాదు బిడ్డా. గా తీగ నిన్నేమన్నది?’’

మరుసటి శనివారం ఆఫీసు నుంచి తొందరగా వచ్చా. సాయంత్రం ఐదున్నర. పొద్దున చూస్తే వాడి ముడుచుకుని కనిపించే పూలు అప్పుడు విచ్చుకుంటున్నాయి. బీర పువ్వు పూసేదే సాయంత్రం పూట! ఇన్నాళ్ళూ నేను దాన్ని వేళ కాని వేళలో చూసి తిట్టుకున్నా. ఇంకో సంగతి, మొదట వచ్చేవన్నీ మగపూలు, గుత్తులు గుత్తులుగా. ఆడపువ్వు ఒంటరిగా వస్తుంది, దాని వెనక చిటికెన వేలంత పిందె, అప్పటికే దాని మీద సన్నటి గీతలు. ఆ రోజు అలాంటిది ఒక్కటి కనపడింది. ఓ మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, ఆ పుప్పొడి దానికి మెల్లగా అద్దాను. నా చేతికి పసుపు అంటుకుంది. అయిదో రోజుకు పిందె జానెడైంది. ఆఫీసులో ఇంక్రిమెంట్ వచ్చిన రోజు కూడా అంత సంబరం లేదు, నిజం.

అమ్మ ఆ తీగకు పోసేది బియ్యం కడిగిన నీళ్ళే. చెంబుతో కొలిచినట్టు పోస్తుంది. నల్లా ఉంది కదమ్మా, పైపు పెట్టనా అంటే వినదు. ఆమెది మర్రిగూడ దిక్కు ఊరు. బోరు నీళ్ళు తాగి పెరిగింది. ఇక్కడి రాళ్ళలోని ఫ్లోరైడ్ ఆ నీళ్ళలోకి దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పళ్ళకు, ఎముకలకు ముప్పే. కాచి తాగితే సరిపోతుందని చెప్పేవాళ్ళు ఉండేవారు. కాస్తే అది పోదు, ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి దాన్ని తీసే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, ‘నల్లగొండ టెక్నిక్’ అని. పేరైతే వచ్చింది. అమ్మ మోచేతులు మాత్రం పూర్తిగా చాపుకోలేదు. నా పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలు. హైదరాబాద్ హాస్టల్లో ఒకమ్మాయి ‘‘పళ్ళు తోముకోవా?’’ అని అడిగితే నెల రోజులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను.

1967లో సాగర్ కాలువల్లోకి నీళ్ళు వదిలారు. డ్యాం మా జిల్లా గడప మీదే. అయినా అమ్మ వాళ్ళ ఊరు ఏళ్ళకేళ్ళు బోరు నీళ్ళే తాగింది. ఇప్పుడు మా నల్లాలో కృష్ణ నీళ్ళు వస్తున్నాయి. మొదటిసారి వచ్చినప్పుడు అమ్మ బిందె నింపుకుని, ఓ గుక్క తాగి, ‘‘సప్పగున్నయి’’ అన్నది. ఆ సప్పదనం కోసం ఎన్ని ఊళ్ళు ఎన్నేళ్ళు అడిగాయో, ఎంతమంది వంగిన కాళ్ళతో ధర్నాల్లో కూర్చున్నారో తలుచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది. నేను దండం పెట్టాల్సి వస్తే వాళ్ళకు పెడతా, గులాబీ బొమ్మకు కాదు.

అందుకే మొన్న ఎండాకాలం మా వీధిలో పైపు పగిలి పదకొండు రోజులు నీళ్ళు రానప్పుడు గట్టిగానే అడిగాను. అప్పుడు గ్రూపులో ఒక పెద్దాయన, ‘‘పాత రోజులు గుర్తు తెచ్చుకో, వచ్చినన్ని రోజులు వచ్చాయి కదా, సంతోషించు’’ అని పెట్టాడు. పాత రోజులు గుర్తున్నాయి కాబట్టే అడిగాను అంకుల్. ఆ రోజుల్లో అందరూ సంతోషించి ఊరుకుని ఉంటే నేటికీ అమ్మ చెంబులో బోరు నీళ్ళే ఉండేవి. ఇదే రాశాను. ఆయన తిరిగి దండం పెట్టే బొమ్మ పంపాడు.

ఇప్పుడు తీగకు ఏడు కాయలు. నిన్న మొదటి కాయ కోసి పప్పులో వేద్దామని పోయేసరికి దానికి ఎర్ర చీర పేలిక కట్టి ఉంది. విత్తనానికట, ముట్టొద్దట. తీగ మీదే ఎండాలట. అమ్మతో గంట సేపు కొట్లాడి, రెండో కాయతో పప్పు చేసుకున్నాం.