మహారాజశ్రీ ఒక్కరోజు బర్న్స్ ట్రైనింగ్ గారికి

ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీ స్టాఫ్ నర్సు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమమని వేరే చెప్పక్కర్లేదు, నిన్న కళ్ళారా చూశాం.

జ్యోతి ప్రజ్వలన అదిరింది. కాలిన గాయాల ట్రైనింగ్‌ని మంటతో మొదలుపెట్టాలన్న ఆలోచన ఎవరిదో గానీ, ముఖ్య అతిథి గారి సిల్కు చీర కొంగు వత్తి పక్కనే ఊగుతుంటే హాల్లో ఒక్కరూ కదల్లేదు. ఫొటో పాడైపోదూ!

108 బండి పిల్లలు ఒక్కరూ కనపళ్ళేదు. బండ్లు రోడ్డు మీద ఉండాలట. పేషెంటును అందరికన్నా ముందు చూసేది వాళ్ళేలెండి, వాళ్ళకెందుకు ట్రైనింగ్! స్టోర్సు గుమాస్తా మాత్రం ముందు వరసలో కూర్చుని శ్రద్ధగా విన్నారు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు, మెట్టెలు తీసేయాలని స్లైడు సెలవిచ్చింది. "వాడు బతికుండగా మెట్టెలు తీస్తారా" అని మీదికొచ్చే అత్తగారికి ఏం చెప్పాలో ఏ స్లైడూ చెప్పలేదు.

అవన్నీ సర్దుకుంటాం. మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా ప్రాక్టికల్స్ అని కాగితంలో వేశారే, అవేమయ్యాయి స్వామీ? శాలువాలు కప్పడం అయ్యేసరికి నాలుగు దాటింది. ప్రాక్టికల్స్ కోసం తెచ్చిన బొమ్మ పాలిథిన్ కవరులోంచి బయటికి రాకుండానే వ్యానెక్కింది. కాలినవాళ్ళకి సెలైన్ ఎంత ఎక్కించాలో లెక్కగట్టే పార్క్‌లాండ్ ఫార్ములా స్లైడు వచ్చిందీ పోయిందీ తెలీలేదు. "ఇది మీ అందరికీ తెలిసిందే" అన్నారు సారు.

తెలిసిందేనా? అయితే వినండి. 60 కిలోల మనిషి. సాయంత్రం ఆరింటికి స్టవ్ అంటుకుంది. ఆర్ఎంపీ దగ్గరికెళ్ళి, పీహెచ్‌సీ తిరిగి, గుండెల మీద టూత్‌పేస్టుతో మా దగ్గరికి వచ్చేసరికి తొమ్మిది. దారిలో సెలైన్ చుక్క ఎక్కలేదు. కాలింది 40 శాతం. ఫార్ములాలోని నాలుగు ఇంటూ బరువు అరవై ఇంటూ కాలిన శాతం నలభై, 9,600 మి.లీ. ఆర్ఎల్ (రింగర్ లాక్టేట్) సెలైన్. అందులో సగం, 4,800, మొదటి 8 గంటల్లో వెళ్ళాలి. ఏ 8 గంటలు? ఓపీ చీటీ మీద టైమ్ నుంచి కాదు, కాలిన టైమ్ నుంచి! అంటే రాత్రి రెండింటికల్లా. మిగిలింది 5 గంటలే, గంటకి 960. చీటీ చూసి లెక్కేస్తే 600 దగ్గర ఆగిపోతాం. పోనీ 960 పెట్టి వదిలేద్దామా అంటే ఎక్కువైనా ముప్పే. గంటగంటకీ యూరిన్ బ్యాగు చూడాలి, 30 మి.లీ. అయినా వస్తోందా అని, దాన్నిబట్టి తగ్గించాలి, పెంచాలి. ఈ లోపల గొంతు బొంగురుపోయిందా, ముక్కులో మసి ఉందా, అదొకటి. వాపొచ్చి ఊపిరి దారి మూసుకుపోయాక ట్యూబు వేయడం ఎవరి తరం?

ఇదంతా నడిరాత్రి, పక్కన బంధువులు ఏడుస్తుంటే చెయ్యాల్సిన లెక్క. ఒక్కసారి, ఒకే ఒక్కసారి చేతికి కాగితమిచ్చి ఈ లెక్క కట్టించావా నువ్వు? బ్యానరుకి డబ్బుంది, బిర్యానీకి ఉంది, మాతో ఒక గుణకారం చేయించడానికి మాత్రం టైమ్ లేదు!

ఒక్కరోజులో ఏం నేర్పుతామని దీర్ఘాలు తియ్యకు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్ళు కాలిన గాయాల అత్యవసర చికిత్స మీద నడిపే ఈఎమ్ఎస్‌బీ కోర్సూ ఒక్కరోజే. అక్కడ మనుషులకే కాలినట్టు మేకప్ వేసి పడుకోబెడతారు. చూసి, ముట్టుకుని, లెక్కగట్టి చెప్పాలి. చివర్లో పరీక్ష కూడా. నీ పరీక్షేమో హాజరు పట్టీలో సంతకం, అదీ పొద్దున్నే పెట్టించేశావు.

ఈ రాత్రి డ్యూటీ నాదే. కొత్తగా చేరిన పిల్లలిద్దరు నాతో ఉన్నారు. పై లెక్కంతా పెద్దక్షరాలతో రాసి డ్రెస్సింగ్ రూమ్ తలుపుకి అంటిస్తున్నాను. అట్ట గట్టిదే, నీ సర్టిఫికెట్ వెనకవైపు. ముందువైపు ఎలాగూ నా పేరు తప్పే పడింది.

ఇట్లు,
నీ దగ్గర తర్ఫీదు పొందినట్టు సంతకం చేసిన
స్టాఫ్ నర్సు