లైటు వెలుగుతోంది కదా!

పాత ఆడియో సామాను అమ్మేవాళ్ళ ప్రకటనల్లో ఒక అమృతవాక్యం ఉంటుంది. "పవర్ ఆన్ అవుతోంది, లైట్లు వెలుగుతున్నాయి, అంతకుమించి టెస్ట్ చేయలేదు." మీరూ చదివే ఉంటారు. చదివి పళ్ళు నూరుకునే ఉంటారు.

అంతకుమించి చేయలేదట. పాపం తీరిక దొరకలేదు. ముందు ప్యానెల్‌ని అద్దంలా తుడవడానికి దొరికింది. చెక్క పెట్టెకి పాలిష్ పట్టడానికి దొరికింది. గదిలో లైట్లన్నీ ఆర్పేసి, డయల్ నీలంగా మెరుస్తుండగా పది కోణాల్లో ఫొటోలు తీయడానికీ దొరికింది. వెనక రెండు వైర్లు తగిలించి స్పీకర్లోంచి కూతైనా వస్తుందేమో చూడ్డానికి మాత్రం క్షణం తీరిక లేదు. ఎద్దును అమ్మేవాడు "కళ్ళు తెరిచే ఉన్నాయండీ, లేచి నిలబడుతుందో లేదో చూసుకోలేదు" అంటే ఎవరైనా కొంటారా?

నేను కొన్నాను.

రేడియో, ఆంప్లిఫైయర్ ఒకే పెట్టెలో ఉండే పాత స్టీరియో రిసీవర్ అది. ఇంటికి తెచ్చి స్విచ్ వేశాను. లైటు వెలిగింది, అబద్ధమాడకూడదు. ఆ కాలపు రిసీవర్లు చాలావాటిలో ఆన్ చేసిన నాలుగైదు సెకన్లకి లోపల రిలే అనే చిన్న స్విచ్ టక్‌మని పడాలి. లోపల అంతా సవ్యంగా ఉంది, ఇక స్పీకర్లకి పాట పంపవచ్చు అని పెట్టె మనకి చెప్పే మాట ఆ టక్కు. నేను చెవి ఆనించి కూర్చున్నాను. నాలుగు సెకన్లు, పది సెకన్లు, రెండు నిమిషాలు. టక్కు లేదు. అమ్మినాయనకి ఫోన్ చేశాను.

"సార్, లైటు వెలుగుతోందా?"

"వెలుగుతోందండీ, కానీ..."

"మరి నేనేం చెప్పాను?"

న్యాయమే. నిజానికి ఇందులో నా అజ్ఞానమే ఎక్కువ. రిసీవర్ అంటే పాటలు వినే పరికరం అని ఎవరో నా చిన్నప్పుడు నూరిపోశారు. అది లైటు అని ఇప్పుడిప్పుడే తెలుసుకుంటున్నాను. 1978లో పయనీర్ వాళ్ళు ఎస్‌ఎక్స్-1980 అని ఒక రిసీవర్ చేశారు. ఛానెల్‌కి, అంటే ఒక్కో స్పీకర్ వైపుకి, 270 వాట్లు, బరువు దాదాపు 35 కిలోలు. ఆ ట్రాన్స్‌ఫార్మర్, ఆ హీట్‌సింకులు, అన్నన్ని ట్రాన్సిస్టర్లు ఎందుకనుకున్నారు? డయల్ వెనక బల్బులు వెలిగించడానికే. అదే ఏడాది ఎన్‌ఏడీ వాళ్ళు 3020 అని ఛానెల్‌కి ఇరవయ్యే వాట్ల చిన్న ఆంప్లిఫైయర్ చేసి, ముందు వైపు చుక్కల్లాంటి ఎల్‌ఈడీలు కొన్ని పెట్టి ఊరుకున్నారు. దాన్ని కొని సుఖంగా పాటలు విన్నవాళ్ళు లెక్కలేనంతమంది. లైటు సరిగ్గా లేని వస్తువుతో ఎలా తృప్తిపడ్డారో! పైగా 20 వాట్లకీ 270 వాట్లకీ తేడా పదమూడున్నర రెట్లు కదా అని మీరనుకోవచ్చు. చెవి అలా లెక్కపెట్టదు. శబ్దం రెట్టింపు అయినట్టు అనిపించాలంటే వాట్లు పదింతలు కావాలి. అంటే ఆ 35 కిలోలు మోసి తెచ్చుకుంటే వచ్చేది రెట్టింపు చప్పుడు, అంతకంటే కాస్త ఎక్కువ. మిగతాదంతా వెలుతురే.

అమ్మేవాళ్ళు ఒక ఎత్తు. కొన్నవాళ్ళు ఇంకో ఎత్తు. మా మిత్రుడొకడు మొన్న "ఒరేయ్, సెట్ చేశాను, వచ్చి విను" అన్నాడు. వెళ్ళాను. ముందుగా గదిలో లైట్లు ఆర్పాడు. డయల్ కనబడాలి కదా. ఒక స్పీకర్ బీరువా మీద ఉంది, రెండోది సోఫా వెనక గోడకి అతుక్కుని ఉంది. స్టీరియో అంటే రెండు ఉండాలి, ఎక్కడ ఉండాలో ఎవరూ రాసిపెట్టలేదంటాడు వాడు. రికార్డు పెట్టకముందే గుయ్యిమని ఒకటే మోత.

"విన్నావా?" అన్నాడు చీకట్లోంచి.

"విన్నానురా. కెపాసిటర్లు ఎండిపోయినట్టున్నాయి. 50 హెర్ట్జ్ కరెంటు డయోడ్లు దాటాక 100 హెర్ట్జ్ అవుతుంది, దాన్ని ఫిల్టర్ చేయాల్సినవి పోతే ఇలాగే మోగుతుంది."

"అది అనలాగ్ వెచ్చదనంరా."

నోరు మూసుకున్నాను. ముల్లు పెట్టాడు. నలభై సెకన్లు పాట నడిచింది. కుడివైపు స్పీకర్ గరగరమని మూగబోయింది. వాడు కళ్ళు మూసుకుని "ఆ నిశ్శబ్దం చూడు, ఈ రోజుల్లో డిజిటల్‌లో ఇంత నిశ్శబ్దం దొరకదు" అన్నాడు. ఏళ్ళ తరబడి తిప్పకుండా ఉన్న నాబ్‌లో తుప్పు చేరింది, కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు కొట్టి ఓ ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పితే మాటొస్తుందని చెప్పబోయాను. వాడప్పటికే లేచి, పాట ఆపి, కేబుల్ మార్చి, అదే పాట మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. "ఇప్పుడు?" అన్నాడు. నలభై సెకన్లకి ఇంకో కేబుల్. "ఇప్పుడు?" ఆ సాయంత్రం పదకొండు పాటల పల్లవులు విన్నాను. చరణం దాకా ఒక్కటీ వెళ్ళలేదు. పల్లవి దాటితే పాట వింటున్నట్టు లెక్క, సిస్టమ్ వింటున్నట్టు కాదు.

పక్కింటివాళ్ళు పడుకునే వేళైంది కదా అని వాల్యూమ్ తగ్గించాడు. సహజంగానే బేస్ మాయమైంది. "ఆ లౌడ్‌నెస్ బటన్ నొక్కరా" అన్నాను. వాడు నన్ను చెప్పులతో గర్భగుడిలోకి వచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు. "మేం టోన్ కంట్రోల్స్ ముట్టుకోం." శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి మంద్రస్వరాలు ముందుగా వినబడడం మానేస్తాయని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపించారు. ఆ లోటు పూడ్చడానికే ఆ బటన్ పెట్టారు. పెట్టెలో ఉన్న అసలైన తెలివి అదే, దాన్ని వీడు ముట్టుకోడట. లైటు మాత్రం రోజంతా చూస్తాడు.

సరే, వాడి సోఫా, వాడి బీరువా. వాడితో ఎవరికీ నష్టం లేదు. నాకు నవ్వు రాని చోటు ఇంకొకటుంది.

ఇరవై ఏళ్ళు అటక మీద పడున్న ఆంప్లిఫైయర్‌ని కిందకి దించి నేరుగా గోడ ప్లగ్గులో గుచ్చకూడదు. కెపాసిటర్ల లోపలి పల్చటి ఆక్సైడ్ పొర ఇన్నేళ్ళలో దెబ్బతిని ఉంటుంది. ఒక్కసారిగా పూర్తి కరెంటు ఇస్తే లీకవుతాయి, వేడెక్కుతాయి, షార్ట్ అయితే పక్కవాటినీ తీసుకుపోతాయి. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయిందంటే, అడ్డుకునే రిలే కూడా లేకపోతే, పాట వెళ్ళాల్సిన దారిలో ఒకే దిక్కుగా పారే డీసీ కరెంటు వెళ్ళి, మంద్రస్వరాలు పలికే పెద్ద స్పీకర్, అదే వూఫర్, దాని కాయిల్‌ని కాల్చేస్తుంది. ఇదేం బ్రహ్మవిద్య కాదు. ఏ మెకానిక్ దగ్గరైనా సీరీస్ బోర్డు ఉంటుంది. పాతకాలపు 60 వాట్ల బల్బు ఒకటి మధ్యలో పెట్టి కరెంటు ఇస్తాడు. బల్బు ఒకసారి మెరిసి మందగిస్తే లోపల పెద్ద షార్ట్ లేదని ధైర్యం. భగ్గున అలాగే వెలుగుతుంటే వెంటనే తీసేయాలి. చూడాల్సిన లైటు అది! రిపేరు బల్ల మీది ఆ మసిబారిన బల్బు. ఓ అమ్మేవాడా, నీ ఫొటోలో నీలం డయల్ కాదు.

ఎవరో ఒక మనిషి ఏళ్ళ తరబడి రోజూ విని, విన్నాక గుడ్డ కప్పి, పిల్లల్ని తాకనివ్వకుండా కాపాడుకున్న పెట్టె అది. ఆయన పోయాక నీ చేతిలో పడింది. ఆగి, ఒక పూట మెకానిక్‌కి చూపిస్తే ఇంకో ముప్పై ఏళ్ళు పాడేది. ఒక్క ఫొటో కోసం దాని గొంతు నులిమేసి, పైగా "టెస్ట్ చేయలేదు" అని రాస్తావా? చేశావయ్యా. చేశావు కాబట్టే చచ్చింది. లోపలి సర్క్యూట్లు పీకి చెత్తలో వేసి, చెక్క పెట్టెలో బ్లూటూత్ బిగించి "రెట్రో" అని అమ్ముకునే నీ తమ్ముడు కూడా నీకంటే నయం. వాడు చంపానని ఒప్పుకుంటాడు.

నా దగ్గర ఇప్పుడు ఇంకో రిసీవర్ ఉంది. డయల్ బల్బులన్నీ మాడిపోయాయని ఎవరూ కొనక చాలాకాలం పడుంది. పాటకీ ఆ బల్బులకీ సంబంధం లేదు గనక నేను బేరమాడకుండా తెచ్చుకున్నాను. మెకానిక్ కెపాసిటర్లు మార్చాడు. స్పీకర్లలో వూఫర్ చుట్టూ ఉండే ఫోమ్ రింగులు వేలు తగిలితే పొడిపొడిగా రాలిపోయాయి, కొత్తవి అంటించాం. టర్న్‌టేబుల్‌కి కొత్త ముల్లు, కొత్త బెల్టు. స్పీకర్లు గోడనుంచి రెండడుగులు ముందుకి జరిపి, సన్నని స్వరాలు పలికే ట్వీటర్లు చెవి ఎత్తుకి వచ్చేలా స్టూళ్ళ మీద పెట్టాను. లౌడ్‌నెస్ బటన్ నొక్కే ఉంటుంది.

నిన్న మా మిత్రుడు వచ్చాడు. రికార్డు నడుస్తోంది. రెండో చరణం దాకా కదలకుండా కూర్చున్నాడు. తర్వాత లేచి, చీకటిగా ఉన్న డయల్ మీదికి వంగి, వేలితో తట్టి అడిగాడు.

"ఏరా, ఇది ఆఫ్‌లో ఉందా?"