ఆపద వచ్చినప్పుడే రికార్డుకెక్కిన బతుకులు

స్కాట్లండ్‌లో గ్లాస్గో నగరంలోని మిచెల్ లైబ్రరీలో నగర ఆర్కైవ్స్ ఉంది. 19వ శతాబ్దం మధ్య నుంచి ఆ ఊళ్లో పూట గడవక సాయం అడిగినవాళ్ల దరఖాస్తులు అక్కడ పుస్తకాలకు పుస్తకాలు ఉన్నాయి. దరఖాస్తు పెట్టింది ఆడమనిషి అయితే పేరు, వయసు, పుట్టిన ఊరు, మతంతో ఆగరు. మొగుడు బతికున్నాడా, వదిలేసి పోయాడా? పిల్లలెందరు, వాళ్లలో ఎవరు ఎంత తెస్తున్నారు? ఒంట్లో ఏం బాగాలేదు? ఇన్నాళ్లూ ఏయే వీధుల్లో అద్దెకున్నారు? స్కాట్లండ్‌లో కూలీనాలీ చేసుకుని బతికిన ముత్తవ్వ గురించి వెతికే మనవరాలికి ఇంతకు మించిన నిధి దొరకదు.

ఆ వివరాలు రాసుకున్న గుమస్తా మనవరాలి కోసం రాయలేదు, బిల్లు ఎవరికి పంపాలో తేల్చుకోవడానికి రాశాడు. 1845 నాటి పేదల చట్టం ప్రకారం ఒక పారిష్‌లో, అంటే ఒక చర్చి పరిధిలోని ప్రాంతంలో, అయిదేళ్లు వరసగా ఉంటే ఆ మనిషి భారం ఆ పారిష్‌ది. లేకపోతే పుట్టిన పారిష్ భరించాలి. ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్లయితే ఓడెక్కించి వెనక్కి పంపే వీలు కూడా ఉండేది. అందుకే అన్ని చిరునామాలు, అన్ని ఆరాలు. ఒళ్లు గట్టిగా ఉండి పని మాత్రమే దొరకని మగవాడికి అసలు సాయం అడిగే హక్కే లేదు. కాబట్టి ఆ పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది జబ్బుపడ్డవాళ్లు, ముసలివాళ్లు, చంకలో పిల్లలున్న ఒంటరి ఆడవాళ్లు.

పేదవాడి వంశచరిత్రలో నాకు కనిపించే తిరకాసు ఇదే. ఎన్ని కష్టాలు పడితే కాగితం మీద అంత ఎక్కువగా కనిపిస్తాడు. ఎవరి ముందూ చెయ్యి చాచకుండా గుట్టుగా బతికినవాడికి మిగిలేది నాలుగు వరసలు: పుట్టుక, పెళ్లి, చావు, పదేళ్లకోసారి జనాభా లెక్క.

ఆ నాలుగు వరసలైనా స్కాట్లండ్‌లో మెరుగ్గా ఉంటాయి. అక్కడ నిర్బంధ నమోదు 1855 జనవరి 1న మొదలైంది. ఇంగ్లండ్ కంటే 18 ఏళ్లు ఆలస్యమే, కానీ ఎక్కువ అడిగారు. మరణ నమోదులో చనిపోయినవాళ్ల తల్లి, తండ్రి ఇద్దరి పేర్లూ ఉంటాయి, తల్లి పుట్టింటి ఇంటిపేరుతో సహా. పెళ్లయిన ఆడవాళ్లను అధికారిక కాగితాల్లో రెండు ఇంటిపేర్లతోనూ రాసే ఆనవాయితీ ఉంది. మా ముత్తవ్వ పుట్టింటి ఇంటిపేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు, అందుకే ఆ గడి చూసి నాకు కొంచెం అసూయ. మొదటి ఏడాది ఫారం మరీ పొడుగైపోయి, రాసేవాళ్ల వల్ల కాక 1856లోనే కత్తిరించారు. మీ పూర్వీకుడు 1855లో పోయాడంటే, పాపం ఆయన సంగతేమో గాని, మీకు మాత్రం పండగే.

అయితే ఆ వివరాలు చెప్పింది పోయినవాడు కాదు కదా. అల్లుడో, పక్కింటివాళ్లో, ఆసుపత్రి ఉద్యోగో చెప్తారు. అరవై ఏళ్ల కింద పోయిన అత్తగారి తల్లి పేరు అల్లుడికి ఎంత గుర్తుంటుంది? 1841 జనాభా లెక్కలో పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును అయిదు గుణిజానికి కుదించి రాయమన్నారు, అంటే 34 ఏళ్లవాడు 30 అయిపోతాడు. ఇవి తెలియకపోతే దొరికిన మనిషి మనవాడో కాదో తేల్చుకోలేక టెన్షన్ తప్పదు.

అసలు పేరే తప్పుదారి పట్టించొచ్చు. 1892లో బ్రిటిష్ పార్లమెంటులో అడుగుపెట్టిన కార్మిక నాయకుడు కియర్ హార్డీనే తీసుకోండి. 1856 ఆగస్టు 15న లానార్క్‌షైర్‌లో పుట్టాడు. తల్లి మేరీ కియర్ ఇళ్లలో పనిమనిషి, అప్పటికి పెళ్లి కాలేదు. తర్వాత ఆమె డేవిడ్ హార్డీ అనే వడ్రంగిని పెళ్లాడింది, పిల్లవాడికి ఆ ఇంటిపేరు వచ్చింది. హార్డీ అని వెతికితే ఆ పుట్టుక దొరకదు. పెళ్లి కాని తల్లికి పుడితే నమోదులోనే 'అక్రమ సంతానం' అని రాసేవారు, 1919 దాకా ఆ మాట పోలేదు. పదేళ్లకే బొగ్గు గనిలో దిగిన ఈ కుర్రాడు ఎంపీ కాకపోయి ఉంటే, అతని మనవలు కూడా ఆ మాట దగ్గరే ఆగి, ఇతను మనవాడేనా అని తల గోక్కునేవారు.

గనుల్లో పోయినవాళ్లకు ఇంకో పుస్తకం ఉంది. మరణం హఠాత్తుగా, ప్రమాదంలో జరిగితే ప్రొక్యురేటర్ ఫిస్కల్ అనే అధికారి విచారించి తేల్చింది సవరణల పుస్తకంలో ఎక్కేది. అసలు నమోదు పక్కన మార్జిన్‌లో చిన్న గుర్తు ఉంటుంది. కంగారులో చాలామంది దాన్ని చూడరు. 1877 అక్టోబరు 22న బ్లాంటైర్ గనిలో పేలుడుకు 200 మందికి పైగా పోయారు. అలాంటి పెద్ద ప్రమాదాలు పత్రికల్లోనూ ఉంటాయి. గని కప్పు కూలి ఒంటరిగా పోయినవాడికి తరచూ ఆ మార్జిన్ గుర్తే దిక్కు.

స్కాట్లండ్‌లోనే ఉన్న డండీ సంగతి మనకు కొంచెం దగ్గర. ఆ ఊరు బెంగాల్ జనపనారతో బతికింది, మిల్లుల్లో ఎక్కువమంది ఆడవాళ్లే. అదే పరిశ్రమ కలకత్తా దగ్గర పెరిగినప్పుడు గంజాం, విశాఖ వైపు నుంచి మనవాళ్లూ అక్కడి మిల్లులకు కూలికి వెళ్లారు. డండీ మిల్లు ఆడమనిషి పదేళ్లకోసారైనా పేరు, వయసు, పనితో జనాభా లెక్కలో దొరుకుతుంది, ఈ రోజు స్కాట్లండ్ ప్రభుత్వ పాత రికార్డులుండే స్కాట్లండ్స్‌పీపుల్ సైటులో క్రెడిట్లు కొని ఆ పేజీ చూడొచ్చు. మన దగ్గర జనన మరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం వచ్చిందే 1969లో. మన జనాభా లెక్కల్లో ఒక్కో మనిషి వివరాలు రాసిన కాగితాలు ఎన్నేళ్లయినా ఎవరికీ చూపించరు.

ఆ డండీ ఆడమనిషి కూతురి పుట్టుక నమోదు చేయించిన చోట, సంతకం రానిదైతే, ఒక ఇంటూ గుర్తు ఉంటుంది. చుట్టూ రిజిస్ట్రారు గుండ్రటి అక్షరాలతో 'ఆమె గుర్తు' అని రాసి ఉంటాడు. ఆ పేజీ మొత్తంలో ఆమె చేత్తో పడింది ఆ రెండు గీతలే.